‘మీ యూపీఐ సేవ ఈ రోజే నిలిచిపోతుంది’: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

బెంగళూరులోని పాఠకుల నుంచి ఈ శీర్షికకు ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. బ్యాంకు పేరుతోనో, చెల్లింపుల యాప్ పేరుతోనో ఫోన్‌కు ఒక భద్రతా హెచ్చరిక వస్తుంది. అది చెప్పినట్టు చేసినవారి ఖాతాలో డబ్బు మాయమవుతుంది. ఉద్యోగ జీవితమంతా బ్యాంకు కౌంటరు వెనక గడిపినందువల్ల, ఈ ఉత్తరాలు చదువుతున్నప్పుడు నాకు అక్షరాలకన్నా కౌంటరు ముందు నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకునే మనుషులే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఈ సంచికలో మిగతా విషయాలను పక్కన పెట్టి వీటికే సమాధానం ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది అనంతపురం. ఆరేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. పోయిన బుధవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో నాకు ఒక ఎస్ఎంఎస్ వచ్చింది. ‘మీ యూపీఐలో అనుమానాస్పద లావాదేవీ కనిపించింది. రూ. 9,999 చెల్లింపును ఆపాలంటే వెంటనే ధ్రువీకరించండి, లేకుంటే ఈ రోజే సేవ నిలిచిపోతుంది’ అని ఇంగ్లిషులో ఉంది. లింకు నొక్కితే మా బ్యాంకు గుర్తుతో పేజీ తెరుచుకుంది. ఫోన్ నంబరు, డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు ముగిసే నెల, సంవత్సరం అడిగితే నింపాను. వెంటనే ఓటీపీ వచ్చింది. అది టైపు చేయబోతుండగా పక్కింటావిడ తలుపు తట్టడంతో ఆగిపోయాను. డబ్బు ఏమీ పోలేదు. ప్రమాదం తప్పినట్టేనా?

సమాధానం: ఇంకా పూర్తిగా తప్పలేదు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కనుక మీకు విడిగా కూడా రాశాను. అదే ఇక్కడ అందరి కోసం చెబుతున్నాను. ముందుగా ఆ డెబిట్ కార్డును బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. ఆ పని కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి గానీ, మీ ఫోన్‌లో ఇదివరకే ఉన్న బ్యాంకు యాప్ ద్వారా గానీ చేయాలి. ఇంటర్‌నెట్‌లో వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్ల జోలికి పోవద్దు; వాటిలో ఇలాంటి ముఠాలే పెట్టిన నంబర్లు కూడా ఉంటాయి. తర్వాత యూపీఐ పిన్‌ను మీ యాప్‌లోనే మార్చుకోండి.

ఆ పేజీ సరిగ్గా ఆ వివరాలే ఎందుకు అడిగిందో తెలుసుకుంటే ఇలాంటి సందేశాల గుట్టు మొత్తం బయటపడుతుంది. యూపీఐ పిన్‌ను కొత్తగా పెట్టుకోవడానికీ, మరిచిపోతే మార్చుకోవడానికీ బ్యాంకు సాధారణంగా అడిగేవి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, దాని గడువు, రిజిస్టరైన ఫోన్‌కు వచ్చే ఓటీపీ. ‘పదహారు అంకెలూ అడగలేదు కదా, వెనక ఉండే సీవీవీ కూడా అడగలేదు కదా’ అని చాలామంది ధైర్యపడతారు. అడగకపోవడానికి కారణం మర్యాద కాదు. వారికి వాటితో పని లేదు. మీరు మూడింటిలో రెండు ఇచ్చారు, మూడోదాని దగ్గర ఆగారు. ఆ రోజు వచ్చిన ఓటీపీ సందేశం మీ ఫోన్‌లో ఇంకా ఉంటే, అంకెలను వదిలేసి చుట్టూ ఉన్న మాటలను ఒకసారి నిదానంగా చదవండి. అది దేనికోసం పంపారో బ్యాంకు అందులోనే రాస్తుంది. చెల్లింపును ఆపడానికి అని ఉండదు. పిన్ పెట్టుకోవడానికనో, డబ్బు చెల్లించడానికనో ఉంటుంది. అంకెల కోసం మాత్రమే వెతికే మన అలవాటు వల్ల ఆ ఒక్క వాక్యం మన కంటికి ఆనదు.

వారికి ఇంకో అడ్డంకి కూడా ఉంది. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ నమోదు కావాలంటే, బ్యాంకులో ఉన్న నంబరు తాలూకు సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బ్యాంకు వైపు వెళ్లాలి. సిమ్ మీ దగ్గర ఉన్నంతకాలం దొంగ తన ఫోన్‌లో మీ ఖాతాను తెరవలేడు. అందుకని తర్వాతి మెట్టుగా ఎవరో ఫోన్ చేసి, ‘మేము పంపిన ఈ అక్షరాల వరుసను ఫలానా నంబరుకు ఎస్ఎంఎస్ చేయండి, మీ ఫిర్యాదు నమోదవుతుంది’ అంటారు. అర్థంపర్థం లేని అక్షరాల్లా కనిపించే ఆ వరుసే వారి ఫోన్‌ను మీ ఖాతాతో ముడిపెట్టే తాళంచెవి. మీ నంబరు, కార్డు వివరాలు సగం వారి దగ్గర ఉన్నాయి కనుక రాబోయే రోజుల్లో మీకు అలాంటి ఫోన్ రావచ్చునని సిద్ధంగా ఉండండి. మాట్లాడేవాడు చక్కని తెలుగులో, మన ఊరి యాసలోనే మాట్లాడవచ్చు. పరాయి ఊళ్లో తెలుగు వినపడగానే మనసు మెత్తబడుతుంది. ఆ సంగతి వారికి తెలుసు. మీ కార్డు చివరి అంకెలు వారే చదివి వినిపించినా నమ్మవద్దు, అవి మీరు నింపినవే.

కొత్తగా నమోదైన ఫోన్ నుంచి మొదటి 24 గంటల్లో సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపనివ్వరు. అందువల్ల ఒకరోజు ఖాతాలో నాలుగైదు వేలు తగ్గినట్టు కనిపిస్తే ‘పోనీలే, అంతటితో పోయింది’ అని ఊరుకోకూడదు. మర్నాడు పెద్ద మొత్తం కోసం తిరిగి రావడానికి వారికి దారి తెరిచే ఉంటుంది.

ఇక లింకు సంగతి. బ్యాంకు గుర్తు ఉన్నంత మాత్రాన అది బ్యాంకు పేజీ కాదు. గుర్తును ఎవరైనా తెచ్చి అతికించుకోవచ్చు. చిరునామాలో బ్యాంకు పేరు ఉన్నా చాలదు. మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) సరిగ్గా ముందు ఏముందో అదే అసలు యజమాని పేరు. దానికి ఎడమ వైపు ఎంత గొప్ప పేరైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. ఇంగ్లిషులో చిన్న ‘ఆర్’, చిన్న ‘ఎన్’ పక్కపక్కన పెడితే చిన్న తెర మీద ‘ఎమ్’ లాగే కనిపిస్తాయి. ఈ బాధ తగ్గించడానికే రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మార్చుకోవాలని ఆదేశించి, అందుకు అదే ఏడాది అక్టోబర్ 31ని గడువుగా పెట్టింది. ఆ చిరునామా బ్యాంకులకు మాత్రమే ఇస్తారు. అయినా నా అభిప్రాయం ఒక్కటే: చిరునామాలు పరిశీలించే పరీక్ష పెట్టుకోవడం కన్నా, సందేశంలోని లింకును అసలు ముట్టకుండా, మీ ఫోన్‌లో ఉన్న యాప్‌ను మీ చేత్తో మీరు తెరిచి చూసుకోవడం మేలు. నిజంగా 9,999 రూపాయల లావాదేవీ జరిగి ఉంటే అది మీ యాప్‌లో కనిపిస్తుంది. లేకుంటే లేనట్టే.

డబ్బు పోలేదు కనుక ఆ సందేశాన్ని కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులోని ‘చక్షు’ విభాగంలో నమోదు చేయండి. 2024 మార్చిలో మొదలైన ఈ విభాగం ఇలాంటి అనుమానాస్పద కాల్స్, ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ సందేశాల కోసమే ఉంది. మీరు పంపే స్క్రీన్‌షాట్ ఆ నంబరును మూయించడానికి పనికివస్తుంది.

ప్రశ్న: నేను హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పది అంకెల నంబరు నుంచి వచ్చే సందేశం దొంగదని, అక్షరాల పేరుతో వచ్చేది అసలైనదని మా స్నేహితులు అంటారు. నిజమేనా? పైగా బ్యాంకులు నిజంగానే కేవైసీ కోసం సందేశాలు పంపుతాయి కదా, తేడా ఎలా తెలుస్తుంది?

సమాధానం: మొదటి సగం నిజం. మీ బ్యాంకు మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి భద్రతా హెచ్చరిక పంపదు. అసలైన వాణిజ్య సందేశాలు టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదు చేసుకున్న పేరుతో వస్తాయి. ఆ పేరుకు ముందు రెండు అక్షరాలుంటాయి. మొదటిది టెలికాం సంస్థను, రెండోది ప్రాంతాన్ని తెలుపుతుంది. 2025 మే నుంచి చివర కూడా ఒక అక్షరం చేరింది: ‘పి’ అంటే ప్రచారం, ‘ఎస్’ అంటే సేవ, ‘టి’ అంటే లావాదేవీ, ‘జి’ అంటే ప్రభుత్వం. ముందే అనుమతి పొందని లింకులున్న వాణిజ్య సందేశాలను ఆపేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధన 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఫోన్ కాల్స్ విషయంలో కూడా, సేవకు, లావాదేవీలకు సంబంధించిన కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లనూ, ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లనూ మాత్రమే వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు చెప్పింది.

రెండో సగాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎవరో చిన్న వ్యాపారి నమోదు చేసుకున్న పేరును దొంగలు సంపాదించి వాడుకోవచ్చు. వాట్సాప్‌లో బ్యాంకు గుర్తును బొమ్మగా పెట్టుకున్న ఖాతాకు ఈ నిబంధనలేవీ వర్తించవు. పంపినవారి పేరు చూసి దొంగను పట్టవచ్చు గానీ, పేరు ఒక్కటే చూసి దొరను నిర్ణయించలేం.

కేవైసీ గురించి మీ ప్రశ్న చాలా న్యాయమైనది. బ్యాంకులు ఖాతాదారుల వివరాలను నిర్ణీత కాలానికి ఒకసారి తాజా చేయాలి. తక్కువ ముప్పు ఉన్న ఖాతాలకు పదేళ్లకు, మధ్యస్థమైన వాటికి ఎనిమిదేళ్లకు, ఎక్కువ ముప్పు ఉన్నవాటికి రెండేళ్లకు. కాబట్టి కేవైసీ అన్న మాటే అబద్ధం కాదు. అబద్ధం ‘ఈ రాత్రికే’ అన్న మాటలో ఉంటుంది. గడువుకు ముందు కనీసం మూడుసార్లు ఖాతాదారుకు తెలియజేయాలనీ, వాటిలో ఒకటైనా ఉత్తరం రూపంలో ఉండాలనీ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో స్పష్టంగా చెప్పింది. గడువు దాటాక కూడా గుర్తుచేయాలి. ఒక ఎస్ఎంఎస్ పంపి సాయంత్రానికి ఖాతా మూసే పద్ధతి లేదు. వివరాలేవీ మారకపోతే స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణ చాలు. మారితే శాఖకు వెళ్లి కాగితాలు ఇవ్వవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. నేను పనిచేసిన బ్యాంకే ఒక దశలో ‘వివరాలు తాజా చేయడానికి ఇక్కడ నొక్కండి’ అంటూ ఖాతాదారులకు లింకులు పంపేది. ఆ తర్వాత కొన్నాళ్లకు ‘లింకులు నొక్కకండి’ అని గోడలకు కాగితాలు అంటించాం. నొక్కడం మేమే నేర్పి, నొక్కినందుకు మేమే వారిని తప్పుపట్టాం. ఆ రోజుల్లో లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్న ఒక పెద్దాయన, ‘అది కూడా మీ దగ్గర నుంచి వచ్చినట్టే ఉంది కదయ్యా’ అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. బ్యాంకులు సందేశాల్లో లింకులు పెట్టడం పూర్తిగా మానేసేవరకు ఈ గందరగోళంలో కొంత బాధ్యత వాటిదే.

ప్రశ్న: మేము నెల్లూరు వాళ్లం. బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్ నడుపుతున్నాం. అడ్వాన్సులు, నెల అద్దెలు అన్నీ యూపీఐలోనే వస్తాయి. మొన్న ‘మీ ఖాతాలో రూ. 12,000 జమ అయింది’ అని సందేశం వచ్చింది. రెండు నిమిషాల్లో ఒకతను ఫోన్ చేసి, ‘రూము అడ్వాన్సు రెండు వేలు పంపబోయి పన్నెండు వేలు పంపాను, అమ్మకు ఆసుపత్రిలో కట్టాలి, పదివేలు వెనక్కి పంపండి సార్’ అని ఏడ్చినంత పని చేశాడు. నేను పంపలేదు. నిజంగా పాపం అతనికి అవసరమేమోనని ఇప్పటికీ మనసు పీకుతోంది.

సమాధానం: మీరు చేసినదే సరైన పని, మనసు కుదుటపరచుకోండి. ఆ సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చాలావరకు అది బ్యాంకు రాసే పద్ధతిలోనే రాసి మామూలు నంబరు నుంచి పంపినదై ఉంటుంది. డబ్బు వచ్చిందో లేదో సందేశం చెప్పదు, ఖాతా చెబుతుంది. యాప్‌లో నిల్వ, లావాదేవీల పట్టిక చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. రోజుకు పదిమంది పిల్లలు వచ్చి అడ్వాన్సు కట్టే చోట ఆ అర నిమిషం కూడా బరువుగా తోస్తుంది కనుకనే హాస్టళ్లనూ, కిరాణా కొట్లనూ వీరు ఎంచుకుంటారు.

ఒకవేళ డబ్బు నిజంగానే జమ అయి ఉంటే? అప్పుడు కూడా అతను చెప్పిన నంబరుకు పంపకూడదు. ఇది చాలామందికి తెలియని సంగతి కనుక కొంచెం వివరంగా చెబుతాను. వేరెవరి దగ్గరో దోచిన డబ్బును నేరుగా తమ ఖాతాకు తెచ్చుకుంటే దొరికిపోతారు కనుక, దాన్ని ముందు ఏ సంబంధం లేని మనిషి ఖాతాలోకి పంపి, అక్కడి నుంచి ‘పొరపాటున వచ్చింది’ అంటూ తిరిగి తెప్పించుకుంటారు. అసలు బాధితుడు ఫిర్యాదు చేసినప్పుడు పోలీసుల లెక్కలో కనిపించేది మీ ఖాతా. అప్పుడు మీ ఖాతాలో ఆ మొత్తాన్నో, కొన్నిసార్లు ఖాతా మొత్తాన్నో నిలిపివేస్తారు. అద్దెలు కట్టుకోవలసిన, వంటవాళ్లకు జీతాలివ్వాల్సిన సమయంలో ఖాతా కదలకపోతే ఎంత నరకమో ఊహించగలరు. అందువల్ల ‘తమ్ముడూ, నువ్వు మీ బ్యాంకుకు చెప్పు, నేను మా బ్యాంకుకు చెబుతాను, వాళ్లే వెనక్కి పంపుతారు’ అని చెప్పి, ఆ రోజే మీ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. నిజంగా అవసరంలో ఉన్నవాడికి ఈ దారిలో న్యాయం జరుగుతుంది. దొంగ అయితే ఫోన్ పెట్టేస్తాడు.

డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఏనాడూ లేదు. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయడమంటే చెల్లించడమే. ‘నేను పంపుతాను, మీరు ఆమోదించండి’ అంటూ వచ్చే వినతులతో ఎంతోమంది మోసపోయాక, ఒక వ్యక్తి ఇంకో వ్యక్తిని ఇలా డబ్బు అడిగే సదుపాయాన్ని, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబర్ నుంచి తీసేసింది. వ్యాపారుల నుంచి వచ్చే వినతులు మాత్రం ఇంకా ఉన్నాయి కనుక పిన్ కొట్టే తెర మీద పేరు, మొత్తం చదవడం మానవద్దు.

ప్రశ్న: మా నాన్నగారు మార్కాపురం నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ‘పాన్ జత చేయకపోతే ఖాతా ఆగిపోతుంది’ అని సందేశం, దాని వెనకే ఫోన్. వాట్సాప్‌లో బ్యాంకు పేరుతో ఏదో ఫైలు పంపితే ఇన్‌స్టాల్ చేశారట. మూడు రోజుల తర్వాత మాకు తెలిసింది. అప్పటికి 31,000 పోయాయి. ఇంత చదువుకున్న మనిషి ఎలా చేశారో అర్థం కావడం లేదు. ఆ యాప్ తీసేశాం. ఇంకేం చేయాలి?

సమాధానం: యాప్ తీసేశామన్న ధైర్యంతో ఉండకండి. అలా వచ్చే ఫైలు ఏపీకే రకం. ప్లే స్టోర్ తనిఖీ దాటకుండా నేరుగా ఫోన్‌లో దిగుతుంది. దిగేటప్పుడు అది ఎస్ఎంఎస్‌లు చదవడానికీ, పంపడానికీ అనుమతి అడుగుతుంది. ‘అలో’ అని నొక్కితే అంతే. మీ నాన్నగారికి వచ్చే ప్రతి ఓటీపీ ఆ క్షణమే ఇంకొకరికి చేరుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఆయన ఒట్టు వేసి చెప్పినా అది నిజమే అయి ఉంటుంది. కొన్ని యాప్‌లు తమ గుర్తును తెర మీద నుంచి దాచేసుకుంటాయి. మీరు తీసేసింది ఒకటైతే లోపల ఇంకొకటి మిగిలి ఉండవచ్చు. కాబట్టి వెంటనే ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి, ఏ యాప్‌లూ లేని మామూలు ఫోన్‌లో వేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడింటినీ ఆపించండి. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఫిర్యాదుకు పనికివచ్చే సందేశాల, నంబర్ల ఫోటోలు ముందు తీసి పెట్టుకుని, మనవళ్ల ఫోటోలు వంటివి వేరే చోట దాచి, ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్‌లో కూర్చుని మార్చాలి. ఆ ఫోన్‌లోనే మారిస్తే కొత్తవి కూడా వారికే చేరతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధించింది 31,000 కాదు, ‘మూడు రోజుల తర్వాత’ అన్న మాట. ఆయనకు మొదటి రోజే అనుమానం వచ్చి ఉంటుందని నా నమ్మకం. పింఛను డబ్బుతో, ఎవరి మీదా ఆధారపడకుండా బతికిన మనిషి, కొడుకు ఇంట్లో, కోడలి ముందు, ‘మోసపోయాను’ అని చెప్పలేకపోయి ఉంటారు. చెబితే ఏమంటారో ఆయనకు తెలుసు. ‘ఇంత చదువుకున్న మనిషి’ అన్న మాట మీ ఉత్తరంలోనే ఉంది. కౌంటరు దగ్గర ఇలాంటి తండ్రులను నేను చూశాను. పక్కన కొడుకు నిలబడి విసుక్కుంటుంటే, ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చిందో కూడా సరిగా చెప్పలేక తడబడేవారు. కొడుకును కాసేపు బయట కూర్చోమంటే అన్నీ వరుసగా చెప్పేవారు. ఇలాంటి కేసులో మొదటి గంట విలువ చెప్పలేనంత. ఆ గంట ఇంట్లోవాళ్ల భయంతో కరిగిపోకూడదు. దయచేసి ఈ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, తప్పు మోసం చేసినవాడిది, మీది కాదు అని మీ నోటితో చెప్పండి. ఇంకోసారి ఏ సందేశం వచ్చినా ముందు మీకే చూపించే చొరవ ఆయనకు అప్పుడే కలుగుతుంది.

ప్రశ్న: యలహంకలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. బ్యాంకు భద్రతా విభాగం అంటూ ఫోన్ చేసి, నక్షత్రం గుర్తు, 401, మళ్లీ నక్షత్రం, ఆ తర్వాత ఒక నంబరు డయల్ చేయమన్నారు. చేయలేదు. అది ఏమిటి?

సమాధానం: మీకు వచ్చే కాల్స్‌ను ఇంకో నంబరుకు మళ్లించే కోడ్. అలా మళ్లిస్తే, ఫోన్‌లో చదివి వినిపించే ఓటీపీలు కూడా అటే పోతాయి. ఈ విధమైన మళ్లింపును 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా మీ ఇంట్లో ఎవరైనా ఇలా డయల్ చేసి ఉంటారన్న అనుమానం ఉంటే *#21# కొట్టి చూసుకోవచ్చు. ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఏ కారణం లేకుండా సిగ్నల్ గంటలకొద్దీ పోయి ఉంటే మాత్రం మీ పేరు మీద ఎవరైనా కొత్త సిమ్ తీసుకున్నారేమో టెలికాం సంస్థను వెంటనే అడగండి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపేసే నిబంధన ఉన్నది ఇందుకే. మేలుకోవడానికి మీకు దొరికే సమయం అదే.

ప్రశ్న: నేను బొమ్మనహళ్లిలో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఖాతా కర్నూలులో ఉంది. భద్రతా సందేశం నమ్మి ఓటీపీ చెప్పాను, చీటీ పాడిన డబ్బు 48,500 పోయింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే ‘మీరే ఓటీపీ చెప్పారు, మేమేమీ చేయలేం’ అన్నారు. ఇక్కడి పోలీసులు తీసుకుంటారా, కర్నూలు వెళ్లాలా? డబ్బు వస్తుందా?

సమాధానం: కర్నూలు వెళ్లనవసరం లేదు. ఈ ఉత్తరం రాసేలోపు 1930కి ఫోన్ చేసి ఉంటారని ఆశిస్తున్నాను. చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి. కేంద్ర హోం శాఖ 2021లో మొదలుపెట్టిన వ్యవస్థకు చెందిన నంబరు అది. మీ ఖాతా వివరాలు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు చెబితే, డబ్బు చేరిన బ్యాంకుకు వెంటనే కబురు వెళ్తుంది. అక్కడ ఇంకా మిగిలి ఉంటే ఆ మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. దొంగలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో నాలుగింటికి చీల్చి, చివరకు ఏటీఎంలో తీసేస్తారు. వారి పరుగుకూ మీ ఫోన్‌కూ మధ్య పోటీ అది. ఫోన్ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైటులో ఫిర్యాదు పూర్తి చేసి, వచ్చిన సంఖ్యను రాసి పెట్టుకోండి. బెంగళూరులో ఇలాంటి కేసుల కోసం సైబర్ నేరాల పోలీస్ స్టేషన్లు (సీఈఎన్) ఉన్నాయి. మీ ప్రాంతానికి చెందిన దానికి వెళ్లండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేసే వీలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో స్పష్టంగా ఉంది. కన్నడం రాకపోతే తెలుగులో చెప్పండి. ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యేవారు ప్రతిచోటా దొరుకుతారు.

బ్యాంకు చెప్పిన మాటలో ఎంత నిజముందో కూడా దాచకుండా చెబుతాను. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన నిబంధనల ప్రకారం, తప్పు బ్యాంకుదైతే నష్టమంతా బ్యాంకుదే. తప్పు ఎవరిదీ కాక మధ్యలో మూడోవారి వల్ల జరిగితే, మూడు పనిదినాల్లో తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. కానీ ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పినప్పుడు, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు ఖాతాదారుదే. తెలియజేసిన క్షణం తర్వాత పోయిన ప్రతి రూపాయి బ్యాంకుది. అందుకే మీరు బ్యాంకుకు ఎన్ని గంటలకు ఫోన్ చేశారన్నది, ఆ తర్వాత ఏదైనా లావాదేవీ జరిగిందా అన్నది ముఖ్యం. పోయినది ఒకే విడతలోనా, నాలుగైదు విడతల్లోనా? పాసుపుస్తకం వేయించి సమయాలతో సహా చూడండి. ఖాతాదారు తప్పు ఉందని నిరూపించవలసిన భారం బ్యాంకు మీదే ఉందని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్‌లో ఎవరో అన్న ఒక్క మాటతో అది తేలిపోదు. కాబట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు.

డబ్బు వస్తుందా అని అడిగారు. ఎక్కడైనా ఆగి ఉంటే వస్తుంది. ఒక్కోసారి కోర్టు ఉత్తర్వు కూడా కావాలి, నెలలు పట్టవచ్చు. ఆగకపోతే రాకపోవచ్చు. అబద్ధపు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. ‘పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు రెండు వేలు కట్టండి’ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం, వారు పోలీసుల పేరు చెప్పినా, రూపాయి ఇవ్వకండి. ఒకసారి మోసపోయినవారి నంబర్లు చేతులు మారుతుంటాయి.

ప్రశ్న: మా అమ్మ కె.ఆర్. మార్కెట్‌లో పూలు అమ్ముతుంది. చదువు రాదు. యూపీఐ లేకుండా ఇప్పుడు వ్యాపారం జరగదు. భయపడి మానేయమనాలా?

సమాధానం: మానేయవద్దు. బేరం పోగొట్టుకోవడం కూడా నష్టమే. ఆమెకు రెండు ఖాతాలు ఉండేలా చూడండి. క్యూఆర్ కోడ్ బోర్డుకు జత చేసిన ఖాతాలో ఆ రోజు అమ్మకం మాత్రమే ఉండాలి. రాత్రికి మీరో, తమ్ముడో దాన్ని పొదుపు ఖాతాకు మార్చాలి. ఆ పొదుపు ఖాతాను ఏ యూపీఐ యాప్‌కూ కలపకండి, దాని డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి. డబ్బు వచ్చిందని చదివి వినిపించే సౌండ్ బాక్సు పెట్టించండి. ఆమెకు సందేశాలు చదవాల్సిన పని తప్పుతుంది, ఎవరైనా దొంగ తెర చూపించి ‘పంపానమ్మా’ అన్నా మోసపోదు. టీకి, ఆటోకి చెల్లించడానికి, చిన్న మొత్తాల కోసం యాప్‌లోనే ఉండే యూపీఐ లైట్ పెట్టండి. అందులో ఒకసారి 1,000 రూపాయలు, మొత్తం 5,000 రూపాయలకు మించి ఉండవు. పిన్ కూడా కొట్టక్కర్లేదు కనుక పూలబుట్టల మధ్య నలుగురూ చూస్తుండగా పిన్ బయటపడే భయం ఉండదు. ఆ ఫోన్ ఎవరైనా తీసుకుపోతే అంతవరకు పోవచ్చునని మాత్రం ముందే చెప్పి ఉంచండి. 1930 నంబరును ఆమె ఫోన్‌లో మీ ఫోటో పక్కనే పెట్టి, ఒకసారి ఎలా నొక్కాలో ఆమె చేతే నొక్కించి చూపించండి.